పొరుగు కణాల సాక్ష్యం

నేను ఒక గాజు పలకను. చూపుడువేలంత పొడవు, రెండు వేళ్ల వెడల్పు. ఇసుకగా పుట్టి, కొలిమిలో కరిగి, యాభైమంది అన్నదమ్ములతో ఒకే అట్టపెట్టెలో విశాఖపట్నం చేరాను. మాలో కొందరు కాలేజీలకు వెళ్లి ఉల్లిపొర మోశారు. నన్ను ఒక పెద్దాసుపత్రి పాథాలజీ ల్యాబుకు పంపారు. ఉల్లిపొర మోసినవాళ్లను కడిగి మళ్లీ వాడతారు. మాకు ఆ యోగం లేదు. మా మీదికి మనిషి కండ ఎక్కితే ఇక దిగదు. ఒక జన్మకు ఒక్క మనిషి. ఆలోచిస్తే అదే మర్యాదగా అనిపిస్తుంది.

నా మనిషి సూరాడ దానమ్మ. భీమిలి అవతల ఒక రేవులో చేపల వేలంపాట ఆమె గొంతు మీదే నడుస్తుంది. ఇరవయ్యో ఏట నుంచి ఆమెకు అడ్డపొగ అలవాటు. అంటే చుట్ట కాలే కొసను నోట్లో పెట్టుకుని పీల్చడం. తీరంలో గాలికి చుట్ట ఆరిపోతుంది, చేతులేమో వలకూ గంపకూ కావాలి. అందుకని నిప్పును నోట్లో దాచుకోవడం అక్కడి ఆడవాళ్ల ఉపాయం. గాలి నుంచి నిప్పును కాపాడాలని తోచింది గాని, నిప్పు నుంచి అంగిలిని కాపాడుకోవాలని ఎవరికీ తోచలేదు.

దానమ్మ అంగిలి మీద పుండు లేచింది. పరీక్షలో క్యాన్సరని తేలింది. సర్జను పుండునూ చుట్టూ కొంత కండనూ కోసి తీసి, గాయం మానేదాకా దాని మీద అంగిలి ఆకారపు ప్లాస్టిక్ ప్లేటు ఒకటి కప్పాడు. తీసిన ముక్క అంచులో క్యాన్సరు లేకపోతే సరే. ఉంటే మాత్రం అంగిలంతా తీసేయాలి. అప్పుడు తాగిన నీళ్లు ముక్కులోంచి వస్తాయి, మాటలూ అటే పోతాయి. ఇక వేలంపాట సంగతి చెప్పనక్కర్లేదు.

ఆ అంచును మైనంలో పోతపోసి, వెంట్రుక కన్నా పలుచగా తరిగి, గోరువెచ్చని నీళ్ల మీద తేల్చి నా మీదికి ఎక్కించారు. ఊదా, గులాబీ రంగులు అద్దారు. చెప్పుకోకూడదు గాని, అందంగానే ఉన్నాను.

మొదట నన్ను చూసింది డాక్టర్ హిమజ. పీజీ రెండో సంవత్సరం. పైపొరలో ఉండాల్సిన పొలుసు కణాలు లోతున గుంపులుగా కనిపించాయి. క్యాన్సరు కణాలు చేసేది అదే. వరుస తప్పి, పొర కింది గట్టు తెంచుకుని లోపలికి దిగుతాయి. 'లోతు అంచులో క్యాన్సరు ఉంది' అని రాసి, కాగితాన్నీ నన్నూ పెద్ద డాక్టరు జగన్నాయకులుగారి దగ్గరికి తీసుకెళ్లింది.

అప్పటికే ల్యాబులో రిపోర్టులిచ్చే కిటికీ బయట దానమ్మ గుమాస్తాను నిలదీస్తోంది. ప్లేటు వల్ల మాట ముద్దగా ఉంది.

"రిపోర్టొచ్చినాదేటి బావూ?"

"ఇంకా లేదమ్మా, కూర్చో."

"కూకుంటే వచ్చీత్తాదా? నాలుగు దినాల నుంచీ కూకునే ఉన్నాను. అక్కడ నా బదులు మా తోడికోడలు పాడతంది పాట. దాని గొంతు ఇని చేపలు మల్లీ సంద్రంలోకి ఎల్లిపోతాయి."

జగన్నాయకులుగారు నవ్వుకుని మైక్రోస్కోపు మీదికి వంగారు. ఆ తర్వాత చాలాసేపు నవ్వలేదు.

"హిమజా, దొంగ పడిన వీధి ఎలా ఉంటుందమ్మా?"

"అందరూ బయటికొస్తారు సార్."

"మరి ఈ వీధిలో ఎవరొచ్చారో చూడు."

క్యాన్సరు చొరబడిన చోట చుట్టూ ఉన్న కండ ఊరుకోదు. నార దట్టంగా పేరుకుంటుంది. కాపలా కణాలు గుంపుగా పరుగెత్తుకొస్తాయి. పాపం, పొరుగు కణాలు కొన్ని లొంగిపోయి దొంగకే దారి చూపిస్తాయి. నా మీద అలాంటి సందడేమీ లేదు. ఆ గుంపుల అంచులు నున్నగా, గుండ్రంగా ఉన్నాయి. పొరుగు కణాలు మధ్యాహ్నపు కునుకు తీస్తున్నట్టున్నాయి.

"ఇవి లాలాజల గ్రంథుల గొట్టాలు," అన్నారాయన. "ఏళ్ల తరబడి సెగ తగిలి లోపలి పొర ఇలా మారింది. తెడ్డు వేసిన చేతికి కాయ కాసినట్టు. అడ్డపొగ తాగే ఊళ్ల నుంచి వచ్చే అంగిళ్లలో ఇది మామూలే. మొదటి ఏడాది నేనూ నీలాగే రాశాను."

"నేను రాసింది..."

"పెన్సిలుతోనే కదా. చెరిపెయ్."

తాను చెప్పినదాన్ని ఆయన అంతటితో నమ్మలేదు. అదే మైనపు ముక్కను ఇంకా లోతుగా తరిగించి, నా అన్నదమ్ములు ఐదుగురి మీదికి ఎక్కించారు. మర్నాడు ఐదుగురూ నా మాటే చెప్పారు. క్యాన్సరు ఎక్కడా అంచును తాకలేదు.

కబురు చెప్పడానికి హిమజ తానే కిటికీ దగ్గరికి వెళ్లింది.

"ఇంకో ఆపరేషను అక్కర్లేదమ్మా. మీ అంగిలి మీకే ఉంటుంది. అడ్డపొగ మాత్రం ఇక ముట్టకూడదు."

దానమ్మ బొడ్లోంచి చుట్టల కట్ట తీసి కిటికీలో పెట్టింది. "ఇదుంచుకో తల్లీ. నా కాడుంటే నా మాట నానే ఇనను."

ఇప్పుడు నేను పాఠాల పెట్టెలో ఉంటున్నాను. ఏటా కొత్త విద్యార్థులు నన్ను చూసి క్యాన్సరని చెబుతారు. పొరుగును చూడమంటే మళ్లీ చూసి నాలుక కరుచుకుంటారు. ఈ ఏడాది పాఠం చెబుతున్నది హిమజమ్మే. నేను మైక్రోస్కోపు కింద ఉండగా వరండాలో పరీక్షకొచ్చినవాళ్ల వరుసలోంచి ఒక కేక వచ్చింది. కిటికీ అద్దాలు అదిరాయి.

"ముందు నానొచ్చినాను బావూ, నా ఎనకాల నువ్వు. ముసిల్దాన్నని తోసీకు."

విద్యార్థులు ఉలిక్కిపడి తలలెత్తారు. "ఎవరు మేడం, ఆ గొంతు?"

హిమజమ్మ నా వైపు చూపించింది. "మీరు చూస్తున్నది ఆవిడనే."