లిల్లీ చెప్పబోయిన పేరు

ఎర్ర గౌనుకి అంచు కుడుతుంటే సూది కసుక్కున తబిత వేలిలో దిగింది. రక్తం గుడ్డకి అంటకుండా వేలు నోట్లో పెట్టుకుంది. పుంగనూరులో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు ఆమె. రోజూ మదనపల్లె నుంచి బస్సులో వెళ్ళొస్తుంది. స్కూల్ డే నాటకానికి బట్టలన్నీ కుట్టేది కూడా ఆమే. హీరోయిన్ వేషం వేసే దీపిక టీచరుకు పట్టు జాకెట్టు, తనకు మోకాళ్ళ దాకా గౌను.

కరస్పాండెంట్ రాజగోపాల్‌కు పాత క్రైమ్ సినిమాలంటే ప్రాణం. ఏటా అదే మూసలో నాటకం రాస్తాడు, డిటెక్టివ్ వేషం తనే వేస్తాడు. క్లబ్బులో డాన్సు చేసే లిల్లీ వేషం ఏటా తబితదే. నేనే ఎందుకు సార్ అని మొదట్లో అడిగింది. "బొట్టు లేని మొగం నీదే కదమ్మా! మేకప్పుతో కూడా పనిల్యా" అని పకపకా నవ్వాడు. స్టాఫ్ రూమంతా నవ్వింది. సిగ్గుతో చచ్చిపోతూ తనూ నవ్వింది, ఏం చేస్తుంది మరి! ప్రార్థన చేయనిదే ముద్ద ముట్టని మనిషి చేతికి బ్రాందీ గ్లాసు ఇచ్చారు, అందులో ఉండేది టీ డికాషనే అనుకోండి. లిల్లీకి హంతకుడెవరో తెలుసు. "ఆ హంతకుడు..." అని నోరు తెరవగానే టపాసు పేలుతుంది, ఆమె కూలిపోతుంది. ఆ పేరు చివర్లో డిటెక్టివ్ చెబుతాడు. చప్పట్లన్నీ ఆయనకే.

ఇంట్లో ఇంకో నాటకం. "గౌనేసుకోని కులికేది చర్చి సంఘమోళ్ళు సూస్తే నా మొగం యాడ పెట్టుకునేది?" అని అత్త. "ఈ ఏడు పర్మనెంట్ చేస్తానన్న్యాడు కదా ఆయప్ప! రెండు నిమిషాలు పడి లేస్తే నీ సొమ్మేం పోతాది?" అని భర్త డానీ. ఆ డానీయే ఆదివారం చర్చి నుంచి రాగానే టీవీ ముందు కాళ్ళు చాపి, అలాంటి లిల్లీల డాన్సులకు ఈలలు వేస్తాడు. వంటింట్లో చికెన్ కడుగుతూ ఈమె వింటుంది.

పోయిన ఆదివారం ఆ ఈలల మధ్య కూతురు క్యాథరిన్ గొంతు వినబడింది.

"నాన్నా, ఈమె సచ్చిపోతాది సూడు! పేరు జూలీ కదా!"

టీవీలో తుపాకి పేలింది. "కరెక్టుగా చెప్పినావే బంగారూ!" అని డానీ చాక్లెట్ ఇచ్చాడు.

తబిత తడి చేతులతోనే బయటికొచ్చింది. "నీకెట్లా తెలిసిందే?"

"ఈ సినిమాల్లో మన పేర్లుండే ఆడోళ్ళే కదమ్మా సచ్చిపోయేది" అంది పిల్ల, చాక్లెట్ చప్పరిస్తూ. తబితకు ఆ రోజంతా అన్నం సయించలేదు.

స్కూల్ డే సాయంత్రం ఎర్ర గౌనుతో స్టేజీ ఎక్కింది. ముందు వరసలో డానీ, అతని ఒళ్ళో క్యాథరిన్.

"ఆ హంతకుడు..." అంది తబిత. టపాసు పేలింది. ఇక పడిపోతుందని క్యాథరిన్ రెండు చేతులతో కళ్ళు మూసుకుంది.

తబిత పడలేదు.

"పడమ్మా! పడు!" తెర చాటు నుంచి రాజగోపాల్ పళ్ళు కొరికాడు. డానీ తల దించుకున్నాడు. పర్మనెంట్ మాట దేవుడెరుగు, రేపు ఉన్న ఉద్యోగమే ఉండకపోవచ్చని ఆమెకూ తెలుసు. కూతురు వేళ్ళ సందుల్లోంచి చూసేదాకా అలాగే నిలబడింది. తర్వాత గ్లాసు బల్ల మీద పెట్టి, ముందుకొచ్చి మైకు అందుకుంది.

"గురి తప్పింది సార్. ఆ పేరు నేనే చెప్తాను."