అచ్చయిన చిరునామా

పొద్దున్నే దోబ్రింకా మోచేతుల దాకా పిండి పూసుకుని రొట్టె పిసుకుతోంది. మధ్యాహ్నం రెండు సంస్థల విలీనానికి సంతకాల సభ. వచ్చే పెద్దమనుషులకు గుమ్మంలో రొట్టె, ఉప్పు అందించి స్వాగతం చెప్పాలి. మొగుళ్ల దెబ్బలు తాళలేక పారిపోయి వచ్చిన ఆడవాళ్లను పదిహేడేళ్లుగా దాచిన ఈ ఇంటికి ఆమె డైరెక్టరు. అవతలి సంస్థకు ప్లామెన్ డైరెక్టరు. ఇద్దరు డైరెక్టర్లలో రొట్టె ఎవరు చేయాలన్న అనుమానం మాత్రం ఎవరికీ రాలేదు.

చిన్న సంస్థలకు విడివిడిగా చిల్లిగవ్వ కూడా ఇవ్వబోమని, రెండూ విలీనమైతే మూడేళ్లు పోషిస్తామని విదేశీ ఫౌండేషన్ చెప్పింది. గ్రాంటు లేకపోతే ఈ చలికాలమే ఇల్లు మూతపడుతుంది. విలీనమయ్యాక డైరెక్టరు ప్లామెన్, ఆమె సమన్వయకర్త. "పదవి ఏదైతేనేం దోబ్రింకా గారూ, సంస్థకు గుండెకాయ మీరే కదా!" అన్నాడతను. గుండెకాయకు సగం జీతమే కాబోలు అనుకుందామె. భర్త కిరిల్ అయితే, "పెట్టెయ్ సంతకం. ఊళ్లోవాళ్ల పెళ్లాలని ఉద్ధరించావు, నాకు మాత్రం రోజూ చల్లారిన సూపే," అన్నాడు. అత్తగారు సోఫాలోంచే అందుకుంది: "దెబ్బలు లేని కాపురం ఎక్కడుందే? నేను పారిపోయానా?" అలా అంటున్న అత్తగారి చిటికెనవేలు వంకరగా అతుక్కుని ఉంటుంది. ముప్పై ఏళ్లుగా చూస్తున్నా, అదెలా విరిగిందని దోబ్రింకా అడగలేకపోయింది.

రోజూ పిండి పిసకడానికి సాయం వచ్చే నెవెనా ఇవాళ దిగిరాలేదు. విరిగిన దవడతో, ఐదేళ్ల కూతురితో వచ్చి రెండు నెలలైంది. దోబ్రింకా పైకి వెళ్లి చూసింది. పక్క నీటుగా సర్ది ఉంది. పిల్ల చెప్పులు లేవు. దిండు మీద, నిన్న ప్లామెన్ మనిషి కట్టలుగా పడేసిపోయిన ఆహ్వానపత్రాల్లో ఒకటి ఉంది. అందులో వీధి పేరు, ఇంటి నంబరు బంగారు అక్షరాల్లో అచ్చయ్యాయి. కింద ముఖ్య అతిథి, ఉపమేయరు. వెనక నెవెనా రాత.

"అక్కా, ఈ ఉపమేయరు కారు నడిపేది నా మొగుడే. వాడొచ్చి ఈడ్చుకెళ్లే లోపు నేనే వెళితే దెబ్బలు తగ్గుతాయి. మిగతావాళ్లనైనా దాటించు."

దోబ్రింకా ప్లామెన్‌కు ఫోన్ చేసింది.

"అడ్రసు ఎలా వేశారు?"

"అడ్రసు లేకుండా జనం ఎలా వస్తారండీ? గుమ్మంలో ఫోటో కావాలని ఫౌండేషన్ వాళ్లన్నారు. అయినా నమూనా మీకు పంపితే సరేనన్నారుగా!"

నిజమే. ఆ రోజు ఆమె అత్తగారితో కంటి ఆసుపత్రి వరసలో నిలబడి ఉంది. మా అమ్మని నువ్వు కాక ఎవరు తీసుకెళ్తారు అన్నాడు కిరిల్. ఫోన్‌లో వచ్చిన నమూనా తెరిచి చూడకుండానే సరే అని కొట్టింది. ఆ ఒక్క మాటకు ఇప్పుడు ఇంకో ఆడది దెబ్బలకు ఒళ్లు అప్పగించింది. దోబ్రింకాకు తన మీద తనకే అసహ్యం వేసింది. ప్లామెన్ మీద అంతకంటే ఎక్కువ కోపం వచ్చింది.

"నెవెనా వెళ్లిపోయింది," అంది.

"అయ్యో పాపం. సంతకాలయ్యాక చూద్దాం. గడువు ఇవాళే. ఈ పూట దాటితే గ్రాంటు దక్కదు."

దోబ్రింకా మిగిలిన నలుగురు ఆడవాళ్లనీ పిల్లల్నీ తోటి ఉద్యోగిని నడిపే వ్యాన్‌లో ఎక్కించి పక్క ఊరికి పంపించేసింది. ప్లామెన్ చెప్పాడేమో, కిరిల్ ఫోన్ చేశాడు. "సంతకం పెట్టకుండా వచ్చావో, మళ్లీ ఈ గడప తొక్కకు!" దోబ్రింకా చేతులు కడుక్కుని, కోటు వేసుకుని బయల్దేరింది.

పన్నెండు దాటాక ఫోన్లో ప్లామెన్ గొంతు కంగారుగా వినిపించింది. "ఎక్కడున్నారండీ? అందరూ వచ్చేశారు."

"ఉపమేయరు గారి కారొచ్చిందా?"

"వచ్చింది, గుమ్మం ముందే ఉంది."

"డ్రైవరు?"

"కారుకి ఆనుకుని సిగరెట్ కాలుస్తున్నాడు. ఎందుకు?"

"అయితే మీ ఉపన్యాసం కాస్త పొడుగ్గా కానివ్వండి," అని ఫోన్ పెట్టేసి, దోబ్రింకా నెవెనా ఇంటి గంట నొక్కింది.