నార్వే ఆలుగడ్డ, ఆలూరు సోయకూర

జగదీశ్ సారు ఫామ్‌హౌసులో వసంతమ్మ మంచినీళ్లు కూడా ముట్టదు. ఒకరి ఇంట్లో ఉప్పు తిన్నాక వాళ్ల ముఖం మీద కాదనడం ఆమెకు చేతకాదు. ఆలూరులో ఆమె ఈడు వాళ్లెవరికీ చేతకాదు. ఈ సంగతి ఆయనకు తెలుసో లేదో గానీ, భూమి అమ్మనన్న ప్రతివాణ్నీ ఆయన ముందు భోజనానికే పిలిచాడు. వాళ్లలో ఒకడైన అనంతయ్య ‘ఊకె చూసొస్త’ అని పోయాడు. బిర్యానీ తిన్నాడు. బొటనవేలికి సిరా అంటించుకొని వచ్చాడు.

“ఎట్ల కాదంటం వదినా. పక్కన కూసుండి వడ్డించిండు” అన్నాడు.

అప్పటి నుంచి వసంతమ్మకు ఆ గేటంటే భయం.

గచ్చిబౌలిలో అద్దాల మేడలు లేస్తున్న రోజులు. ఆ మేడల్లో సంపాదించినదంతా మొయినాబాద్ దాటి, చేవెళ్ల రోడ్డు పట్టుకొని, ఎక్కడ ఖాళీ నేల కనబడితే అక్కడ దిగుతోంది. జగదీశ్ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పెద్ద మనిషి. కంపెనీ పని మీద చాలా ఏళ్లు నార్వేలో ఉండి వచ్చాడు. ఫామ్‌హౌసు చుట్టూ ఉన్న భూములన్నీ కొన్నాడు. మిగిలినవి రెండే. రోడ్డు పక్కన శివయ్య చేను, దాని వెనక వసంతమ్మ ఆకుకూరల తోట. ఆ తోటకు పోవాలంటే శివయ్య గట్టు మీంచే బాట. ‘నువ్వు అమ్మనంత కాలం నేను అమ్మ వదినా’ అని శివయ్య ఆమెకు మాటిచ్చాడు. ఆ మాట మీదే ఆ తోట నిలబడి ఉంది.

కొడుకు నర్సింహ ఆ సారుకే డ్రైవరు. కోడలు రేణుక శని ఆదివారాల్లో ఆ ఫామ్‌హౌసులోనే వంట చేస్తుంది. ఇంట్లో ఇద్దరు ఆయన జీతగాళ్లు, ఒక్కతి ఆయన పేరు చెబితే నోరు మూసుకునేది. ఊళ్లో ఇప్పుడు ప్రతి ఇల్లూ ఇంతే.

ఒక ఆదివారం రేణుక ఇంటికి వచ్చి నవ్వడం మొదలుపెట్టింది.

“అత్తమ్మా, సారు ఏం తింటడో తెలుసా. ఉడకవెట్టిన ఆలుగడ్డ మీద సోయకూర చల్లుకొని తింటడు.”

“సోయకూరనా?”

“ఆఁ. ఎండినది, చిన్న సీసల వెట్టి అమ్ముతరు. నార్వేల అందరు గదే తింటరట. మేడమ్ హెర్బ్స్ అంటది.”

వసంతమ్మ చేతిలోని కట్ట కింద పెట్టింది. “బాలింతలు తినే కూర ఆయనెందుకు తింటడే? పాలు పడాల్నా?”

అత్తాకోడళ్లు కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వుకున్నారు. నవ్వు అయ్యాక రేణుక చెప్పింది. “నవ్వుడు కాదుగని అత్తమ్మా, గది తిన్నప్పుడు సారు మెత్తగైతడు. అక్కడి ముచ్చట్లు చెప్తడు. మొఖం వేరేగైతది.”

ఆ మాట వసంతమ్మ బుర్రలో పడింది. మూడోనాడు సోయకూర కోస్తూ కోడలిని అడిగింది.

“ఆయన ఉప్పు నేను తింటే నా నోరు వడిపోతది. మరి నా ఉప్పు ఆయన తింటే?”

రేణుకకు అర్థం కావడానికి కొంచెం టైం పట్టింది. “వాళ్లకు గట్ల ఉండదత్తమ్మా. వాళ్లు రోజుకొక హోటల్ల తింటరు.”

“హోటల్ల పైసలిచ్చి తింటరు. ఒకరి ఇంట్ల కూసుండి తినుడు వేరు. నా తోటల ఆలుగడ్డ, నా తోటల సోయకూర, నా చేతి ఉప్పు. తిన్నంక అదే తోట ఇయ్యమని ఎట్ల అడుగుతడు? మనిషే గద.”

“శివయ్య మామకు చెప్తవా మరి?”

“చెప్తే ఊరంత తెలుస్తది. సారు చెవుల వడితే తినడు. అయినంక చెప్త.”

ఇదే ఆమె చేసిన తప్పు. తోటను కాపాడే మనిషికి చెప్పలేదు, తోటను మింగే మనిషిని పిలిచింది. నర్సింహ చేత కబురు పంపితే వాడు ఎగిరి గంతేశాడు. అవ్వ దారికి వచ్చిందనుకున్నాడు. సారుకు ఆ ముక్కే చెప్పాడు కూడా. అది ఈ అత్తాకోడళ్లకు తెలియదు.

ఆదివారం పొద్దున్నే వంట మొదలైంది. వసంతమ్మ చిన్న ఆలుగడ్డలు ఏరి, మట్టి పోయేదాకా రుద్ది కడిగింది. పొట్టు తీయబోతే రేణుక చెయ్యి పట్టుకుంది.

“తీయొద్దు. పొట్టుతోనే ఉడకవెట్టాలె.”

“పొట్టుతోని బర్రెకు పెడ్తం గద.”

“నార్వేల మనుషులకు పెడ్తరు.”

సోయకూర ఆకు వేరు, కాడ వేరు చేశారు. కాడలు ఆలుగడ్డలతో పాటు నీళ్లలో పడ్డాయి. ఉప్పు మాత్రం రేణుక వేయబోతే వసంతమ్మ ఒప్పుకోలేదు. తనే పిడికిలి నిండా తీసి వేసింది. వేసేటప్పుడు ఆమె పెదవులు కదిలాయి. నూనె లేదు, కారం లేదు, పోపు లేదు. పొయ్యి దగ్గర కూర్చొని వసంతమ్మ కుండలోకి తొంగి చూసింది.

“గిది కూరెట్ల అయితదే? ఉడుకుడు తప్ప ఏం జరుగుతలేదు.”

“అసలు పని ఇంకా ఉన్నది. ఆగు.”

నీళ్లు వంచాక రేణుక ఆ గడ్డల మీద ఇంటి వెన్న వేసింది. పొట్టు మీద వెన్న కరిగి జారుతుండగా సన్నగా తరిగిన సోయకూర ఆకు, ఉల్లికాడలు చల్లి కుండను ఎగరేసి తిప్పింది. గుడ్డలో కట్టి రాత్రంతా వేలాడదీసిన పెరుగులో ఇంకాస్త ఆకు కలిపింది. నార్వేలో వేరే పుల్లటి మీగడ వాడతారట. ఇక్కడ ఇదే.

అక్కడి ఆలుగడ్డ రొట్టె దగ్గర తిప్పలు వచ్చాయి. మెత్తగా పిసికిన ఆలుగడ్డలో వెన్న, పిండి కలిపి, కాయితంలా ఒత్తి పెనం మీద కాల్చాలి. మొదటిది ముక్కలైంది. రెండోది పెనాన్ని వదల్లేదు. వసంతమ్మ కోడలిని పక్కకు జరిపి, జొన్నరొట్టె కొట్టే అరచేత్తో ఆ ముద్దను తట్టింది. మందంగా వచ్చింది, కానీ నిలిచింది.

“నార్వేల గింత మందం ఉండదత్తమ్మా.”

“నార్వేల నేనున్ననా?”

మధ్యాహ్నం కారు వచ్చి వాకిట్లోనే ఆగింది. జగదీశ్, ఆయన భార్య అశ్విని చాప మీద కూర్చున్నారు. మొదటి ముక్క నోట్లో పెట్టుకొని ఆయన కళ్లు మూసుకున్నాడు.

“అశ్వినీ, ఆ వాసన చూడు. ఎండిన డిల్‌లో ఇది ఎప్పుడైనా వచ్చిందా? మా హౌస్ ఓనర్ ముసలావిడ ఇలాగే పెట్టేది. సమ్మర్‌లో, బయట బల్ల మీద.” వసంతమ్మ వైపు తిరిగాడు. “అమ్మగారూ, నేను అక్కడున్నన్నాళ్లూ నన్ను అమ్మలా చూసుకుంది ఆవిడ.”

వసంతమ్మ మరో రెండు గడ్డలు వేసింది. ఆయన వద్దనలేదు. రొట్టెలో పెరుగు రాసుకొని చుట్టుకొని తిన్నాడు. అశ్విని పొయ్యినీ, కుండనూ, వసంతమ్మ చేతులనూ కెమెరాలో ఫోటోలు తీసింది.

అప్పుడే గడ్డి మోపుతో శివయ్య వాకిలి ముందు నుంచి పోతున్నాడు. కారు చూశాడు. చాప మీద సారును చూశాడు. ఆగాడు.

“రా శివయ్యా, జర తిను” అంది వసంతమ్మ.

“మీరు తినుండ్రి వదినా. పెద్దోళ్లున్నరు” అని మోపు సర్దుకొని వెళ్లిపోయాడు.

సారు చేతులు కడుక్కున్నాక వసంతమ్మ ఎదురుగా నిలబడింది. ఇన్నాళ్లు దాచుకున్న మాట బయటికి తీసింది.

“సారూ, మా ఇంట్ల ఉప్పు తిన్నరు. ఇగ ఆ తోట మాట ఎత్తొద్దు.”

జగదీశ్ చల్లగా నవ్వాడు. “మీరేం టెన్షన్ పడకండమ్మా. మీకు అన్యాయం జరగనివ్వను. అది నా పూచీ.”

ఆమె దాన్ని ప్రమాణం అనుకుంది. ఆయన మాత్రం మంచి రేటు ఇస్తాననే ఉద్దేశంతో అన్నాడు. ఆ రోజు సాయంత్రం వసంతమ్మ చాలా కాలం తర్వాత కడుపు నిండా తిన్నది. మిగిలిన ఆలుగడ్డలు చల్లారిపోయి ఉన్నా బాగున్నాయన్నది.

మరుసటి వారమే శివయ్య అమ్మేశాడు.

ఆమె కాళ్లకు చెప్పులు కూడా లేకుండా వాళ్లింటికి ఉరికింది. శివయ్య వాకిట్లో కూర్చొని బీడీ తాగుతున్నాడు. లేవలేదు.

“మాటిచ్చినవ్ గద శివయ్యా.”

“నువ్వు అమ్మనంత కాలమే అన్న.”

“నేనెక్కడ అమ్మిన?”

“బేరం కాకుంట ఎవరన్న పిల్చి తినవెడ్తరా వదినా? కారు నీ వాకిట్లకు వచ్చె. చాపేసి వడ్డిస్తివి. కుదిరినంకనే గద తినవెట్టేది మనం. పెండ్లయినా, భూమయినా. నీ కొడుకు కూడ గదే అన్నడు, అవ్వ ఒప్పుకున్నది అని.”

“ఆ సారు నోరు గట్టిగ కట్టేద్దామని పెట్టిన.”

శివయ్య బీడీ నేలకు రాశాడు. “మరి నాకెందుకు చెప్పలే?”

ఇద్దరూ ఒకే పద్ధతిని నమ్మినవాళ్లు. ఆ పద్ధతి ఆ ఇద్దరినీ కలిపి ముంచింది. నమ్మనివాడు మాత్రం కడుపు నిండా తిని, త్రేన్చి, పొలం చుట్టూ రాయి పాతాడు.

గోడ లేచింది. బాట గోడలోకి పోయింది. బాట మీద హక్కు ఉంటుందని చేవెళ్లలో వకీలు చెప్పాడు. ఉంటుంది, కాగితం మీద. ఆ హక్కు పట్టుకొని కోర్టు మెట్లు ఎక్కి దిగేలోపు ఎన్ని పంటలు ముదిరిపోతాయో వకీలుకు పట్టదు. తోటలో సోయకూర కోసేవాళ్లు లేక పూతకు వచ్చింది. గోడ ఇవతల నిలబడితే పచ్చటి గొడుగుల్లాంటి పూలు కనబడతాయి, అంతే. మార్కెట్లో ఆమె కూర్చునే చోట ఇంకెవరో టమాటాలు పోసుకున్నారు.

“అమ్మరాదె అవ్వా” అన్నాడు నర్సింహ. “లోపలికి పోలేని భూమి ఉంటే ఎంత, లేకుంటే ఎంత?”

“ఒప్పుకున్నదని నువ్వే చెప్పినవటగా.”

వాడు కారు తాళాలు తీసుకొని బయటికి పోయాడు.

ఇక మిగిలింది ఆ గేటే. ఆదివారం మధ్యాహ్నం వసంతమ్మ కొంగు భుజం మీదుగా లాక్కొని ఫామ్‌హౌసుకు బయల్దేరింది. బాట అడగాలి. తోట ఇయ్యనని మళ్లీ చెప్పాలి. రెండూ ఆయన ముఖం మీదే.

లోపల ఆఫీసు వాళ్లు వచ్చి ఉన్నారు. పచ్చిక మీద బల్లలు వేశారు. జగదీశ్ ఆమెను చూసి లేచి ఎదురొచ్చాడు.

“రండమ్మా, కరెక్ట్ టైంకి వచ్చారు. ఫ్రెండ్స్, ఈ వంటకు గురువు ఈవిడే. కూర్చోండి. ముందు తినండి, తర్వాత మాట్లాడుకుందాం.”

“ముందు మాట్లాడుకుందాం సారూ.”

“ఆకలి మీద మాటలెందుకమ్మా. మీ ఇంట్లో నేను తినలేదా? ఇప్పుడు మీరు తినకపోతే నాకు చిన్నతనం.”

వంటింటి కిటికీలోంచి రేణుక ఇదంతా విన్నది. పొయ్యి మీద ఆలుగడ్డలు ఉడకడానికి సిద్ధంగా ఉన్నాయి. ఉప్పు డబ్బా చేతిలోనే ఉంది. బయట అత్త నిలబడిన తీరు చూసింది. రెండు చేతులూ కొంగులో చుట్టుకొని, పళ్లెం అందుకోకుండా ఎన్నిసార్లు వద్దనగలదో లెక్క చూసుకుంటున్నట్టు ఉంది. ఎక్కువసార్లు వద్దనగలిగే మనిషి కాదు. రేణుకకు తెలుసు.

రేణుక డబ్బా మూత పెట్టేసింది. ఈ ఇంట్లో వాడే వెన్నలో కూడా ఉప్పు ఉండదు. పెరుగులో కూడా వేయలేదు. గడ్డలు ఉడికాక సోయకూర చల్లి, కుండ ఎగరేసి తిప్పి, పళ్లేలు బయటికి పంపింది. వంటింటి గడపలో వచ్చి నిలబడింది.

జగదీశ్ వసంతమ్మను కుర్చీలో కూర్చోబెట్టి, తన చేతులతోనే పళ్లెం తెచ్చి ఆమె ఒళ్లో పెట్టాడు. చుట్టూ అందరూ చూస్తున్నారు. ఆమె ఒక ముక్క విరిచి నోట్లో పెట్టుకుంది. నమలడం ఆపింది. ఇంకో ముక్క తిన్నది. తల ఎత్తి గడప వైపు చూసింది. రేణుక కళ్లు దించలేదు.

వసంతమ్మ ఆ తర్వాత ఆగలేదు. పళ్లెంలో ఉన్నదంతా, పొట్టుతో సహా, మెల్లగా తినేసింది. మూతి తుడుచుకుంది.

“సారూ, నేను తోట ఇయ్య. నీకు ఎన్నటికీ ఇయ్య. నా బాట నాకు వదులు.”

పక్క బల్ల దాకా వినబడింది.

జగదీశ్ అప్పుడే మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నాడు. ముఖం చిట్లించాడు. “బాట సంగతి లాయర్ చూస్తాడమ్మా, అవన్నీ ఇప్పుడెందుకు” అని గడప వైపు తిరిగాడు. “రేణుకా, ఇవాళ ఉప్పు మర్చిపోయావా?”

ఆఫీసు వాళ్లు నవ్వారు.

“మర్చిపోలే సార్” అంది రేణుక.

“అయితే తెచ్చి వెయ్యి. అమ్మగారికి కూడా ఇంకో రెండు పెట్టి, సరిగ్గా ఉప్పు వేసి ఇవ్వు.”

రేణుక డబ్బా తెచ్చేలోపు వసంతమ్మ పక్కనున్న నీళ్ల గ్లాసు అందుకుంది. తాగలేదు. పళ్లెంలోనే చెయ్యి కడిగేసింది.