చెడుగుడు మేస్టారి తాడు

వీధి అరుగు మీద కూర్చుని శరభయ్య మేస్టారు కొబ్బరితాడు దులుపుతున్నారు. పొద్దుటి కాఫీ అయిన దగ్గర్నుంచీ అదే పని.

"ఎన్నిసార్లు దులుపుతారండీ! అది తాడు, పట్టుపంచ కాదు," అంది భార్య మీనాక్షమ్మ.

"సలీం చూడగానే గుర్తుపడతాడే. రెండో కొస వాడి చేత పట్టించే కదా గిరి గీసేవాణ్ణి!"

అప్పట్లో లెక్కల మేస్టారుగా గల్ఫు వెళ్తూ ఆ తాడుతోనే పెట్టె కట్టుకున్నారు. అక్కడ బడి వెనక ఇసుకలో అదే తాడు లాగిపట్టి గిరులు గీసి, చెడుగుడంటే ఏమిటో ఎరగని ఆ దేశపు పిల్లలకి మొదటిసారి కూత నేర్పారు. తిరిగొచ్చి చెబితే ఊరు నవ్వింది. వేదం చెప్పుకునే ఇంట్లో పుట్టి, సముద్రం దాటి వెళ్ళి నేర్పింది చెడుగుడా! ఎవడు నమ్మాడు గనక?

ఇవాళ ఆ దేశం జట్టే అమలాపురం వచ్చింది, ఆడటానికి. కోచ్ ఆనాడు ఇసుకలో తాడు కొస పట్టిన ఆ సలీమే. మైకులో "మా మేస్టారు" అని వాడొక్క మాట అంటే చాలు. అంతకుమించి ఆయనకేమీ అక్కర్లేదు.

షామియానాలో చివరి వరసలో కుర్చీ దొరికింది. తాడు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు. ఆ దేశపు కుర్రాడు గిరి దాటి "కబడ్డీ, కబడ్డీ" అన్నాడు. ఆయన నేర్పిన కూత కాదది.

ఆటయ్యాక సలీం ఇంగ్లీషులో మాట్లాడుతుంటే, పోటీలు నడిపిస్తున్న మధుబాబు తెలుగులో చెప్పాడు.

"వీళ్ళ మొదటి మేస్టారెవరో 'చెడుగుడు, చెడుగుడు' అని కూత నేర్పేరంటండి. పోటీల్లో 'కబడ్డీ' అనే అనాలి కదండీ? మొదటి టోర్నమెంటులో కూతకెళ్ళినోళ్ళందరూ అవుటేనంట! ఆ తప్పు మాన్పించడానికే ఈయనకి ఏళ్ళు పట్టిందంట, ఆయ్!"

జనం విరగబడి నవ్వారు. సలీమూ నవ్వాడు. నవ్వుతూనే చివరి వరసకేసి చూశాడు. తాడు చూశాడు, ఆయన మొహం చూశాడు. నవ్వు ఆగిపోయింది. అప్పుడైనా నోరు విప్పొచ్చు కదా, పాపిష్టివాడు! శాలువా కప్పించుకుని కారెక్కి వెళ్ళిపోయాడు.

మీనాక్షమ్మ గుమ్మంలోనే ఎదురుచూస్తోంది. "మీ గురించి చెప్పేడా అండీ?"

"చెప్పేడే. మొదటి మేస్టారన్నాడు. ఊరంతా విన్నారు."

ఆవిడ మొహం వెలిగిపోయింది. ఇన్నాళ్ళకి కదా అంటూ, గుప్పెడు ఉప్పు తెచ్చి దిష్టి తీసింది. ఆయన తాడు అరుగు మీద పెట్టి, కాళ్ళు కడుక్కుని, పడక్కుర్చీలో వాలారు. ఆవిడ మజ్జిగ కలిపి తెచ్చేసరికి ఆయన ఇక లేరు.

అరుగు మీద తాడు అలాగే ఉంది. అన్నిసార్లు దులిపినా, దాని ముడుల్లో ఆ దేశపు ఇసుక ఇంకా మిగిలే ఉంది.