పంతొమ్మిదో తేదీ ముద్ర

నేను ఒక తేదీ ముద్రను. చెక్క పిడి, ఇనప చట్రం, గుండ్రటి రబ్బరు ముఖం. ఆ ముఖం మీద పైన 'మంత్రి గారి పేషీ' అనీ, కింద 'అందినది' అనీ ఉంటుంది. నడుమ రోజూ మారే తేదీ. ఏ మంత్రి, ఏ శాఖ, ఏ ఊరు అని అడక్కండి, చెప్పను. మీరెవరో నాకు తెలియదు, నేను చెప్పింది ఎవరి చెవిన వేస్తారో అంతకన్నా తెలియదు. ఈ అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంలో వచ్చింది.

బస్టాండు వెనక సందులో రబ్బరు స్టాంపుల కొట్టు నడిపే ఖాసిం సాహెబు నన్ను తయారు చేశాడు. సరిగ్గా పడుతున్నానో లేదో చూడడానికి ఒక పాత పేపరు మీద గుద్దాడు. రిబ్బను కత్తిరిస్తున్న ఒక నాయకుడి నుదుటి మీద పడ్డాను. ఈ లోకంలో 'అందినది' అని నేను రాసిచ్చిన మొదటి సరుకు ఆయనే.

నా తేదీ చక్రాలు ఎటు తిప్పితే అటు తిరుగుతాయి. ఆ ఒక్క లోపం వల్లే మనుషుల మీద నాకు నమ్మకం పోయింది. గడువు దాటాక దరఖాస్తు పట్టుకొచ్చిన ప్రతివాడూ ముందు నా చక్రాల వైపే చూస్తాడు. పదకొండు దాటాక ఎవరైనా నా పక్కకి చేరి "అమ్మా, టీ తాగారా?" అని పలకరిస్తే నాకు ఒళ్లు మండిపోయేది. టీ గురించి అడగడానికి ఎవరూ పేషీకి రారు.

ఆ అమ్మ పేరు నాంచారమ్మ. వచ్చిన కాగితాలు తీసుకునే సీట్లో ఇరవై రెండేళ్లుగా కూర్చున్న మనిషి. రోజూ ఆఫీసుకు రాగానే గాజులకి తగిలించుకున్న పిన్నీసు తీసి, దాని మొనతో నా చక్రం ఒక్క మెట్టు జరిపేది. చిత్తు కాగితం మీద ఒకసారి వేసి చూసుకునేది. ఆ తర్వాత సాయంత్రం దాకా ఆ చక్రాన్ని ఎవరి చెయ్యీ తాకనిచ్చేది కాదు. చిత్తు కాగితం అంటే కొత్తది కాదు. ఒక వైపు అచ్చయి, పనికిరాకుండా మిగిలిపోయిన కాగితాల వెనక వైపు. సర్కారు కాగితానికి రెండు ముఖాలున్నాయని ఆమె నమ్మకం. ఒకటి నిండేదాకా రెండోది తీసేది కాదు.

ఈ-మెయిళ్లు వచ్చినప్పుడు నా పని అయిపోయిందని అందరూ అన్నారు. నాంచారమ్మ ఒప్పుకోలేదు. "చేతికి రాని కాయితం వచ్చినట్టు ఎలాగవుద్దండీ?" అంది. మంత్రిగారికీ తెర మీద చదివే అలవాటు లేదు. అందుకని వచ్చిన ప్రతి మెయిలునూ పీఏ చక్రపాణి కాగితం మీద అచ్చుతీసి ఆమె బల్ల మీద పెట్టేవాడు. ఆమె పేజీ పేజీకీ ముద్ర వేసి పుస్తకంలో ఎక్కించేది. ఏమిటి, ఎవరిది అని చదివేది కాదు. ఒకసారి మంత్రిగారి మనవరాలి జాతకం కూడా ఆ కట్టలో వచ్చింది. దాని మీదా 'అందినది' అని వేసింది. చక్రపాణి తల పట్టుకున్నాడు.

జాతకం ఆ కట్టలోకి ఎందుకొచ్చిందంటే, మంత్రిగారు ఆఫీసు మెయిలు వాడేవారు కాదు. "అది పదిమంది తెరుస్తారయ్యా, నా సొంతదానికి పంపండి" అని కనబడిన ప్రతి అధికారికీ తన సొంత మెయిలు ఇచ్చారు. దాన్నీ తెరిచేది చక్రపాణే. నాకు అప్పుడే అనుమానం వచ్చింది. పదిమంది చూడకూడని ఆఫీసు పని ఏముంటుంది?

ఆగస్టు ఆరో తేదీన ఆ మెయిలు వచ్చింది. పంపినవాడు సాల్మన్ రాజు అనే కుర్ర ఇంజినీరు. రెండు పేజీలు. మొదటి పేజీలో, ఏటి మీది పాత వంతెనకి రెండో స్తంభం కింద మట్టి కొట్టుకుపోయిందనీ, బరువు బళ్లను వెంటనే ఆపాలనీ, పై అధికారులకి రెండుసార్లు రాసినా పలకలేదనీ ఉంది. రెండో పేజీలో ఆ స్తంభం ఫొటో, దాని కింద అతని పేరు. నాంచారమ్మ రెండింటి మీదా ఆరో తేదీ వేసింది. చక్రపాణి మొదటి పేజీ మాత్రమే లోపలికి పట్టుకెళ్లాడు. మంత్రిగారు రెండో పేజీ చదవరని పేషీలో అందరికీ తెలుసు.

సాయంత్రానికి ఆ మొదటి పేజీ తిరిగొచ్చి నా పక్క ట్రేలో పడింది. దాని మీద ఆకుపచ్చ సిరాతో ఒక ముక్క: 'ఇరవై రెండున సభ. అయ్యాక చూద్దాం.' సభకి జనాన్ని తెచ్చే లారీలన్నీ ఆ వంతెన మీదుగానే రావాలి. నాకు పని లేనప్పుడు చదవడమే పని కాబట్టి చదివాను. నాంచారమ్మ చదవలేదు. నేను అరవలేను. ఆ తర్వాత పది రోజులూ ఆ ఆకుపచ్చ అక్షరాల పక్కనే కూర్చున్నాను.

పదిహేడో తేదీ తెల్లారగట్ల వంతెన కూలింది. పాల వ్యాను ఏట్లో పడింది. డ్రైవరూ, పాలకేంద్రం గుమాస్తా చనిపోయారు.

మర్నాడు చక్రపాణి ట్రేలోంచి ఆ పేజీ తీసుకున్నాడు. పుస్తకం కూడా "తనిఖీకి కావాలమ్మా" అని పట్టుకుపోయాడు. ఇక నా చక్రాల మీద చెయ్యి వేస్తాడని కాచుకు కూర్చున్నాను. వేయలేదు. పంతొమ్మిదో తేదీ పొద్దున అదే మెయిలు, పంపిన తేదీ ఉండే పై వరస లేకుండా, మళ్లీ అచ్చుతీసి, మామూలు కట్టలో కలిపి ఆమె బల్ల మీద పెట్టాడు. అంతే. ఆ రోజు పంతొమ్మిది. నా మీద ఉన్నదీ పంతొమ్మిదే. ఆమె ఎప్పటిలా చదవకుండా ముద్ర వేసింది. ఇన్నేళ్లూ చక్రం తిప్పితేనే అబద్ధం అనుకున్నాను. ఎవరూ నన్ను తిప్పలేదు, నేను నిజమైన తేదీనే వేశాను, అబద్ధం తయారైపోయింది. అంత సిగ్గు నేనెప్పుడూ పడలేదు.

రెండో పేజీ మీద వేస్తున్నప్పుడు ఆమె చెయ్యి ఆగింది. "ఈ బొమ్మ ఎక్కడో చూశానే" అని గొణుక్కుంది. ముద్ర పూర్తిచేసి, ఎదర ఉన్న చిత్తు కాగితాన్ని తిరగేసింది. అటు వైపు అదే స్తంభం, అదే పేరు, ఆరో తేదీ ముద్ర. లోపలికి వెళ్లని ఆ రెండో పేజీని ఆమె పనికిరాని కాగితాల్లో పడేసి, మర్నాటి నుంచి దాని వెనకే నన్ను పరీక్షించింది. ఏడు, పది, పదకొండు… సెలవులు వదిలేసి పంతొమ్మిది దాకా వరసగా నా ముద్రలే. ఆమె కళ్లజోడు తుడుచుకుని, అన్నేళ్లలో మొదటిసారి, తన బల్ల మీదికి వచ్చిన మెయిలును మొదటి పేజీ నుంచి చదివింది. తర్వాత ఆ చిత్తు కాగితాన్ని మడిచి క్యారేజీ సంచిలో పెట్టుకుంది. ఎవరికీ చెప్పలేదు. నా అనుమానం అంతా ఆ రోజు నుంచి ఆమె మీదికి మళ్లింది.

వారం తిరక్కుండా గొడవ బయటపడింది. సందర్శకుల గదిలో టీవీ ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది, తలుపులోంచి నాకు అంతా కనిపించేది, వినిపించేది. మంత్రి సొంత మెయిలు వాడారట, అందులోవన్నీ చెరిపేశారట! రోజూ నలుగురు కూర్చుని అరుచుకునేవారు. సొంత మెయిలు వాడడం నేరమా కాదా? చెరిపినవి ఎన్ని? అందులో ఇంటి ఫొటోలు ఉంటే చెరుపుకోకూడదా? పోయిన ప్రభుత్వంలో మంత్రులు వాడలేదా? ఒకాయన బల్ల గుద్దితే ఇంకొకాయన లేచి వెళ్లిపోయేవాడు, ప్రకటనల తర్వాత మళ్లీ వచ్చి కూర్చునేవాడు. ఆ మెయిల్లో ఏముందని మాత్రం ఎవరూ అడగలేదు. చనిపోయిన ఇద్దరి పేర్లు నేను ఆ టీవీలో రెండోసారి వినలేదు.

మంత్రిగారు విలేకరుల ముందు కాగితం ఎత్తి చూపించారు. "నాకు ఆ వ్యవహారాలు తెలియవు బాబూ, పాతకాలం మనిషిని. ఆ మెయిలు మాకు అందిందే పంతొమ్మిదిన. ఇదిగో ముద్ర, కళ్లుంటే చూసుకోండి" అన్నారు. టీవీ నిండా నా మొహమే. అబద్ధానికి అంత స్పష్టంగా పడ్డాను. అన్నీ అయ్యాక తప్పించుకోవడానికి ఇంజినీరే మెయిలు పంపాడని తేల్చి, సాల్మన్ రాజును సస్పెండ్ చేసి కేసు పెట్టారు. అతని ఆఫీసు కంప్యూటరు తీసుకుపోయారు. మెయిలు కంపెనీకి రాశామనీ, జవాబు రావడానికి నెలలు పడుతుందనీ చెప్పారు. పోలీస్ స్టేషను మెట్ల మీద అతను "ఆరో తారీఖునే పంపించానండీ, ఒట్టండీ" అంటుంటే, వెనకాల ఎవరో అతన్ని లోపలికి లాగారు. జైలుకు వెళ్తాడో ఇంటికి వెళ్తాడో తేల్చే కాగితం నాంచారమ్మ సంచిలో ఉంది. ఆమె రోజూ ఆ సంచి తెచ్చేది, క్యారేజీ విప్పి తినేది, మూసేది.

విచారణకి ఒక రిటైర్డ్ జడ్జిగారిని వేశారు. ముందురోజు చక్రపాణి ఆమె పక్కకి కుర్చీ లాక్కున్నాడు. "టీ తాగారా అమ్మా?" అన్నాడు. నాకు విషయం అర్థమైంది.

"రేపు పెద్దగా చెప్పాల్సిందేం లేదమ్మా. వచ్చిన రోజే ముద్ర వేస్తానని చెప్పండి, చాలు. అది నిజమే కదా!"

"నిజవేనండి."

"నాలుగు నెలల్లో రిటైరైపోతారు. మీ పింఛను కాయితాలు ఒక్క టేబులు మీదా ఆగకుండా నేను చూసుకుంటాను."

"తమ దయ బాబూ" అంది ఆమె, చేతులు జోడించి.

అయిపోయింది, అమ్ముడుపోయింది అనుకున్నాను. ఇరవై రెండేళ్లు నా చక్రం కాపాడిన మనిషి, చివరికి ఒక పింఛను కోసం! అందర్నీ అనుమానించినప్పుడు రాని ఏడుపు ఆమెను అనుమానించినప్పుడు వచ్చింది.

మర్నాడు నన్నూ రమ్మన్నారు. ఆమె నన్ను చేతిరుమాల్లో చుట్టి పట్టుకెళ్లింది. హాల్లో ఒక మూల సాల్మన్ రాజు నిలబడి ఉన్నాడు, గడ్డం పెరిగిపోయి. జడ్జిగారు ముద్ర సంగతి అడిగారు. "వచ్చిన కాయితానికి వచ్చిన రోజే ముద్ర వేస్తానండి" అంది నాంచారమ్మ, నేర్పిన పాఠంలా. చక్రపాణి వెనక్కి వాలాడు. ఆమె ఆగలేదు. "ఈ మెయిలు రెండుసార్లు వచ్చిందండి. అందుకని రెండుసార్లు వేశాను" అంటూ సంచిలోంచి ఆ కాగితం తీసింది. ఒక మూల ఆవకాయ నూనె మరక. వెనక నా ముద్రల వరస.

మంత్రిగారి వకీలు లేచాడు. ఇవన్నీ ఒక్కరోజే కూర్చుని చక్రం తిప్పుతూ వేసుకోవచ్చు కదా అన్నాడు. పుట్టినప్పటి నుంచీ నేను భయపడుతున్న మాట అదే.

"వేసుకోవచ్చండి. కానీ సిరా చూడండి" అంది ఆమె. "ఏడో తారీఖు నుంచి రోజురోజుకీ పలచబడతా వచ్చింది, పన్నెండుకి అక్షరాలే లేవు. పదమూడున కొత్త బుడ్డి తెప్పించాను. ఆ రోజు నుంచీ నల్లగా ఉంది. బుడ్డి తీసుకున్న సంతకం స్టోర్సులో ఉంటదండి, ఆ పుస్తకం ఎవరూ తనిఖీకి పట్టుకుపోలేదు."

జడ్జిగారు కాగితాన్ని వెలుతురుకి పెట్టి చూశారు. తర్వాత తలెత్తి, "ఆరో తేదీన ఆ మెయిల్లో ఏముందో మీరు చదివారా?" అని అడిగారు.

నాంచారమ్మ కళ్లజోడు తీసి చేత్తో పట్టుకుంది. "లేదండి. ముద్ర వెయ్యడవే నా పననుకున్నాను. చదివుంటే ఎవరికో ఒకరికి చెప్పేదాన్నండి. ఆ ఇద్దరూ…" అని ఆపేసింది. మూలనున్న సాల్మన్ రాజు తల వంచుకుని ఏడ్చాడు.

పోల్చి చూడడానికి నమూనా ముద్ర కావాలన్నారు. ఆరో తేదీ పెట్టి వేయమన్నాడు వకీలు. "వెనక్కి తిప్పనండి. ఇవ్వాల్టిదే వేస్తాను" అంది. పిన్నీసు తీసి చక్రం సరిచేసింది. అలవాటు ప్రకారం చిత్తు కాగితం కోసం చూసింది. లేదు, అది ఇప్పుడు జడ్జిగారి దగ్గర ఉంది. అందుకని తన ఎడమ అరచేతి మీదే ఒకసారి వేసి చూసుకుంది. ఆ తర్వాత తెల్ల కాగితం మీద వేసి, నన్ను అక్కడే పెట్టేసింది.

సాల్మన్ రాజు మీద కేసు ఎత్తేశారు, ఉద్యోగం తిరిగిచ్చారు. చక్రపాణి సస్పెండయ్యాడు. ఆకుపచ్చ సిరా ఉన్న పేజీ దొరకనేలేదు. మంత్రిగారు రెండో పేజీ తనకెవరూ చూపించలేదని చెప్పి ఇంకో శాఖకి మారారు. మొదటి పేజీ గురించి టీవీలో ఎవరూ అడగలేదు. సొంత మెయిలు నేరమా కాదా అన్నది మాత్రం ఇంకా తేలలేదట. ఇవన్నీ నన్ను సీలు వేసి ఈ బీరువాలో పెట్టినవాళ్లు అనుకుంటుంటే విన్నాను. నాంచారమ్మ పింఛను ఏ టేబులు మీద ఆగిందో తెలియదు. ఆగే ఉంటుంది. నాకు మనుషుల సంగతి తెలుసు.

ఇక్కడ చక్రం తిప్పేవాళ్లు లేరు. ఆ రోజు తేదీ మీదే ఉండిపోయాను. చీకట్లో కూర్చుని అందర్నీ వరసగా అనుమానిస్తుంటాను, వకీలును, చక్రపాణిని, సీలు వేసిన గుమాస్తాను కూడా. చివరికి ఆ అరచెయ్యి గుర్తొస్తుంది. పనిచేసి గరుకెక్కిన చెయ్యి, కాస్త చెమట, నా ముద్ర అక్కడ సరిగ్గా పడలేదు. ఆ చేతినే నేను నెలరోజులు అనుమానించాను.