ఈకలకి ఎండ తగలకూడదు

అయినా ఇత్తడిని తోమితే తప్పెలా అవుతుందో నాకు ఇప్పటికీ అర్థం కావడం లేదు. నిమ్మచెక్క, ఉప్పు, కాస్త ఓపిక ఉంటే లొంగని ఇత్తడి లేదని పెళ్ళయిన కొత్తలో నాకు నేర్పింది మా అత్తగారే. "గిన్నెలో మొహం కనిపించాలి, మొహంలో విసుగు కనిపించకూడదు" అనేవారు. ఆ పాఠం వంటబట్టినదాన్ని కాబట్టే, అద్దాల అలమరలో పెట్టమని మా ఆయన నా చేతికిచ్చిన రీలు అంచుల్లో పచ్చగా కిలుము పట్టి, నడుమంతా నల్లగా కనిపించేసరికి చేతులు ఊరుకోలేదు. గాలానికి కట్టిన దారం చుట్టుకునే చక్రం అది, అరచేతిలో పట్టేంత. పిడి తిప్పితే లోపల కిరకిరమంటుంది. తోమి, కడిగి, పాత చీర ముక్కతో తుడిచి తీసుకెళ్ళి చూపించాను. నిజం చెప్పాలంటే, బాగుందంటారేమోనని చూపించాను.

"చంపేశావు" అన్నారాయన.

ఎవరినో ఏదో చేశానన్నారనుకుని ఒక్క క్షణం భయపడ్డాను. తీరా చూస్తే రీలు గురించి. "దీని వయసంతా కడిగి పారేశావు. ఆ నలుపు రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో తెలుసా నీకు? మెరిసేవి బజార్లో బోలెడు. దీని అందమే దీని వయసు. ఇప్పుడిది దేనికి పనికొస్తుంది? నీ వంటింట్లో పెట్టుకో."

వంటింట్లోనే పెట్టుకున్నాను, ఉప్పు డబ్బా పక్కన. అందులో నా మొహం వెడల్పుగా, ముక్కు పెద్దదిగా కనిపిస్తోంది. చెవుల పైన తెల్ల వెంట్రుకలు మాత్రం ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తున్నాయి. పోయిన నెల వాళ్ళ ఆఫీసు విందుకి బయల్దేరేటప్పుడు ఆయనే అన్నారు: "కాస్త రంగేసుకోరాదూ? పక్కన నిలబడితే మా అక్కయ్యవేమో అనుకుంటారు." ఈ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూడాలా వద్దా అన్నది నాకు తేలడం లేదు. పెడితే ఏదో అర్థం వస్తోంది. మరుక్షణమే, ఛ, మనిషికీ చక్రానికీ పోలికేమిటి అనిపిస్తోంది.

నేను పనిచేసేది కళ్ళజోళ్ళ దుకాణంలో. కళ్ళు పరీక్ష చేసేటప్పుడు ఒక అద్దం తీసి ఇంకో అద్దం పెడుతూ అడుగుతాం: "ఇలా బాగుందా, ఇంతకు ముందు బాగుందా?" మొదట టకటకా చెప్పేస్తారు. రెండద్దాలకీ తేడా తగ్గేకొద్దీ తడబడతారు. "ఇంకోసారి చూపిస్తారా?" అంటారు, తప్పు చేసినవాళ్ళలా. చివరికి నాకు విసుగొస్తుందేమోనని జాలిపడి "ఇదే బాగుందండీ" అనేస్తారు. ఆ జాలితో ఎంతమంది తప్పు కళ్ళజోడు పెట్టుకుని తిరుగుతున్నారో. ఖరీదైన ఫ్రేము కొనేవాళ్ళొస్తే మా ఓనరు నాతో "మీరిలా పక్కకి రండి మేడం, నేను చూసుకుంటాను" అంటారు. వాళ్ళ మొహానికి నప్పే ఫ్రేము అప్పటికే నేను వెతికి పెట్టి ఉంటాను. పక్కకి వచ్చి అద్దాలు తుడుస్తాను. కోపం వస్తుందా అంటే, తుడిచేటప్పుడు వేళ్ళు కాస్త గట్టిగా నొక్కుతాయి. అది కోపమో, మరక మొండిదో తెలియదు.

ఇంట్లోనూ అంతే. నాకున్న బాధ ఇదీ అని ఎవరికైనా చెబుదామంటే పట్టుకోవడానికి పిడి దొరకదు. ఆయన తాగరు. పేకాడరు. చెయ్యెత్తరు. పాత సామాన్ల కొట్లు తిరిగి గాలాలు, గాలపు కర్రలు, నీళ్ళ మీద తేలే బెండ్లు, సీసపు గుండ్లు, రీళ్ళు తెచ్చుకుంటారు. ఇన్నేళ్ళలో ఇంటికి ఒక్క చేపని తెచ్చిన పాపాన పోలేదు. "చేపలకి తెలీదు గానీ, వాటికి వీడంత మంచివాడు లేడు" అంటారు అత్తగారు. ఒకసారి నేను దుమ్ము దులపలేక గొణిగితే ఆవిడే నన్ను సముదాయించారు కూడా: "మగాడన్నాక ఏదో ఒక పిచ్చి ఉంటుందే. ఈ పిచ్చి ఇంట్లోనే పడుంటుంది, సంతోషించు." సంతోషించాను. దారాలకి మైనం రాశాను. వెదురు కర్రలకి నూనె పట్టించాను. ఒక్కో గాలాన్నీ దూదితో తుడుస్తూ ఎన్నిసార్లు వేలికి గుచ్చుకున్నానో. గాలం కొనకి వెనక్కి తిరిగిన ముల్లొకటి ఉంటుంది. దిగేటప్పుడు తెలియదు, తీసేటప్పుడే తెలుస్తుంది.

ఇన్నాళ్ళూ అవి పెట్టెల్లో ఉండేవి. ఈమధ్య ఆయనకి తనలాంటి వాళ్ళతో స్నేహం కుదిరింది. ఆదివారం ఇంటికొచ్చి చూస్తామన్నారట. అందుకని ముందుగదిలో తూర్పు గోడంతా అద్దాల అలమర చేయించాలనుకున్నారు. ఆ గోడకో కిటికీ ఉంది.

ఆ కిటికీ నాదని ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. పొద్దున్నే, ఇంకా ఎవరూ లేవకముందు, దాని పక్కన కుర్చీ వేసుకుని టీ తాగుతాను. అంతే. బయట పెద్ద విశేషాలేమీ ఉండవు. మందుల కొట్టు షట్టరు ఎత్తుతారు, అది సగంలో ఆగిపోతుంది, తిట్టి మళ్ళీ ఎత్తుతారు. ఎదురింటి మేడ మీద ఒకావిడ నిన్నటి బట్టలు తీస్తూ, ఒక్కోటీ ముక్కుకి ఆనించి వాసన చూస్తుంది. ఎండ మొదట నా పాదాల మీద పడి, తర్వాత ఒళ్ళోకొస్తుంది. ఆ కాసేపూ నేను ఎవరికీ ఏమీ కాను. తర్వాత పాలు పొంగుతాయి, అత్తగారు దగ్గుతారు, ఆయన తువ్వాలు అడుగుతారు, నేను మళ్ళీ అందరికీ అన్నీ అవుతాను.

"ఈకలకి ఎండ తగలకూడదు" అన్నారు మా ఆయన, వడ్రంగికి కొలతలు చూపిస్తూ. ఈకలంటే, సన్నటి గాలాల మీద పక్షి ఈకలూ పట్టుదారమూ చుట్టి పురుగుల్లా చేసిన ఎరలు. ఓ పళ్ళెం నిండా ఉన్నాయి. ఆయన దగ్గరున్న వాటిల్లోకెల్లా అపురూపమైనవి అవే. ఎండ తగిలితే రంగు వెలిసిపోతుందట. "కాబట్టి కిటికీని చెక్కతో మూసెయ్. దాని ముందు అలమర, లోపల బల్బులు." ఇంతలో ఫోను మోగితే లోపలికెళ్ళారు.

వడ్రంగి టేపు చుడుతూ కిటికీ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. "మంచి కిటికీ. ఎవరికీ అక్కర్లేదా అమ్మా?"

"అక్కర్లేదనుకుంటా" అన్నాను.

నా చిక్కంతా ఇక్కడే. ఆ మాట నాతో ఎవరూ అనిపించలేదు. గదిలో ఆయన లేరు, అత్తగారు లేరు. నా నోరే అంది. అది నా ఇష్టమా, అలవాటా? రెండింటికీ తేడా పట్టుకోవాలంటే ఏ అద్దం పెట్టుకుని చూడాలి? వడ్రంగి మాత్రం చెక్క బిగిస్తూ అన్నాడు: "మేకులు కొట్టడం లేదమ్మా, మరలు బిగిస్తున్నా. ఎప్పుడైనా తీసుకోవచ్చు." అలమరలో కిటికీ ముందున్న అరకి వెనక పలక కూడా వెయ్యలేదు. ఎందుకు వెయ్యలేదో నేనడగలేదు.

ఒక్కసారి, పెళ్ళయిన మొదటి ఏడాదే, ఆయన నన్ను ఏటి గట్టుకి తీసుకెళ్ళారు. గాలం వేసి, కర్ర నా చేతికిచ్చి, "బెండు చూస్తూ ఉండు, ఇప్పుడే వస్తా" అని వంతెన మీద దోస్తుల దగ్గరికి వెళ్ళారు. ఎర్రటి చిన్న బెండు నీళ్ళ మీద తేలుతోంది. కదిలింది. అలకి కదిలిందా, చేప కదిపిందా? మళ్ళీ కదిలింది. లాగితే, చేప కాకపోతే నవ్వుతారేమో. లాగకపోతే, చేపే అయితే తిడతారేమో. అలా చూస్తూ చూస్తూ కళ్ళు నీళ్ళకి అతుక్కుపోయాయి. ఆయన వచ్చేసరికి ఎర లేదు, ఉత్త గాలం మిగిలింది. "ఎప్పుడు లాగాలో కూడా తెలీదా?" అని నవ్వారు, ప్రేమగానే. ఆ తర్వాత నన్నెప్పుడూ తీసుకెళ్ళలేదు. తనూ వెళ్ళలేదు. ఇప్పుడా బెండు పైఅరలో, నల్ల గుడ్డ మీద, చిన్న బల్బు కింద ఉంది.

ఆదివారం వచ్చారు. ముగ్గురూ మర్యాదస్తులే. అందరిలోకీ పెద్దాయనకి గడ్డం, మందపాటి కళ్ళజోడు. నేను టీ పళ్ళెంతో గుమ్మంలో నిలబడేసరికి ఆయన అలమర ముందు వంగి, "అబ్బ, ఎంత బాగా ఉంచారండీ! ఒక్క దుమ్ము రేణువు లేదు" అంటున్నారు.

"ఎవర్నీ చెయ్యి వెయ్యనివ్వనండీ" అన్నారు మా ఆయన. "ఒక్కసారి ఏమరుపాటుగా ఉన్నానో లేదో, మా ఆవిడ ఒక రీలుని అంట్ల గిన్నెలా తోమేసింది!"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వింది నేనేనని టీ కప్పులు గలగలమన్నాక తెలిసింది.

"ఈ ఈకలు కట్టిన చెయ్యి ఎవరిదో గానీ" అన్నారు పెద్దాయన, "ముడెక్కడో కనిపించదు."

"ఆడవాళ్ళు ఇళ్ళల్లో కూర్చుని కట్టేవాళ్ళటండీ. కంపెనీ పేరే ఉంటుంది. వాళ్ళ పేర్లెవరు రాస్తారు లెండి."

"ఇది ఎరుపా, నారింజా? ఈ బల్బు కింద తెలియడం లేదు. ఒక్కసారి వెలుతుర్లోకి తీసుకెళ్దామా?"

"అమ్మో, వెలుతురు తగలకూడదండీ!"

"మరి చూసేదెలాగయ్యా?"

"చూడటానికేముంది? ఉన్నాయి. అది చాలదూ?" అన్నారు మా ఆయన. ఆ మాట అందరికీ నచ్చింది. వెళ్ళేటప్పుడు పెద్దాయన నాకు నమస్కారం పెట్టి, "మీరు అదృష్టవంతులు చెల్లెమ్మా. మా ఇంట్లో నా సామానంతా అటక మీదే" అన్నారు. ఆయన భార్య ముందుగదిలో ఏ గోడ పక్కన టీ తాగుతుందో అడగాలనిపించింది. "వెళ్ళిరండి అన్నయ్యగారూ" అన్నాను.

మర్నాడు పొద్దున్న కాళ్ళు అలవాటుగా టీ కప్పుతో సహా నన్ను తూర్పు గోడ దగ్గరికి తీసుకెళ్ళాయి. కుర్చీ అక్కడే ఉంది. కూర్చున్నాను. మోకాళ్ళు అలమరకి తగిలాయి. అద్దం వెనక ఈకల పళ్ళెం, దాని వెనక చెక్క. చెక్కకి అవతల షట్టరు సగం లేచి ఆగిన చప్పుడైంది. తిట్టు వినిపించింది గానీ ఏం తిట్టారో తెలియలేదు.

"ఏమిటే, గోడకేసి కూర్చున్నావు?" అత్తగారు. ఎప్పుడు లేచారో.

"టీ తాగుతున్నా అత్తయ్యా."

"గోడ చూస్తూనా?" వచ్చి కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డారు. "ఈ కిటికీ మూసేటప్పుడు నిన్నెవరూ అడగలేదా?"

"వడ్రంగి అడిగాడు."

"నువ్వేమన్నావు?"

"అక్కర్లేదనుకుంటా అన్నాను."

ఆవిడ నవ్వుతారనుకున్నాను. "నేనూ ఒకసారి అలాగే అన్నాను. మీ మామగారు అడిగితే" అన్నారు.

"దేని గురించి?"

అత్తగారు నుదురు చిట్లించారు. చిన్నపిల్ల పాఠం గుర్తు తెచ్చుకుంటున్నట్టు చెక్క వైపు, బల్బు వైపు, నా వైపు చూశారు. "ఏమోనే. గుర్తు లేదు" అన్నారు. "ఏదో ఉండేది."

దగ్గుకుంటూ వెళ్ళిపోయారు.

ఏదో ఉండేది. కప్పు కింద పెట్టాను. ఇలా బాగుందా, ఇంతకు ముందు బాగుందా? తడబడతాననుకున్నాను. ఇంకోసారి చూపించమంటాననుకున్నాను. ఇంతకు ముందు. ఇంత తేలిక జవాబుకి ఇన్నాళ్ళు ఎందుకు తడుముకున్నానో అదీ అర్థం కాలేదు. ఈకలకి చీకటి కావాలి, సరే. పాపం, వెలిసిపోతాయి. కానీ చీకటి కోసం కిటికీని ఎందుకు మూయాలి? ఈకల్ని కదపొచ్చు కదా?

అలమర తెరిచి పళ్ళెం రెండు చేతులా ఎత్తాను. పడగ్గదిలో ఆయన నిద్రపోతున్నారు. ఆయన బట్టల బీరువా తెరిచాను. ఇస్త్రీ చొక్కాలు నేను మడిచిపెట్టినవి మడిచినట్టే ఉన్నాయి. వాటిని ఒక పక్కకి జరిపి, పళ్ళేన్ని లోపలికంటా తోసి, తలుపు మూశాను. అంతకంటే చీకటి ఈ ఇంట్లో ఇంకెక్కడా లేదు.

వంటింటి సొరుగులో స్క్రూడ్రైవరు దొరికింది. వస్తూ వస్తూ ఉప్పు డబ్బా పక్కనున్న రీలు కూడా తెచ్చాను. మొదటి మర బిగుసుకుని ఉంది. రెండు చేతులా పట్టి తిప్పితే కిర్రుమంది.

"ఏమిటా చప్పుడు?" గదిలోంచి ఆయన గొంతు, నిద్రమత్తుగా. "ఏం చేస్తున్నావు?"

నిజంగానే ఏం చేస్తున్నానో ఆయనకి చెప్పేంత స్పష్టంగా నాకు తెలియదు. రెండో మర తేలిగ్గా వచ్చింది. మిగతావీ వచ్చాయి. చెక్కని గోడకి ఆనించి, ఖాళీ అయిన అరలోంచి చెయ్యి చాచి గడియ తీసి, కిటికీ రెక్కని బయటికి నెట్టాను. మెరిసే రీలుని కిటికీ గట్టు మీద, ఎండ పడే చోట పెట్టాను.