ఆరూ ఒకటి

పొద్దన్నే లేసి మొగం కడుక్కోని, రాగి అంబలి చెంబుకు పోసుకోని, గోనెపట్ట సంకన పెట్టుకోని సిద్దమ్మ గ్రౌండుకు పోతుంది. పుంగనూరులో మదనపల్లి రోడ్డు పక్కన ఉండాది ఆ గ్రౌండు. గోడ వారన పట్ట పరుసుకోని కూసుంటుంది. అప్పటికి వెలుతురు సరిగా రాదు, మంచు పట్టి ఉంటాది. పోలీసుకని, మిలిటరీకని పిలకాయలు ఉరుకుతా ఉంటారు. వాళ్లతోపాటు సిద్ధార్థ అడుగులు గూడా ఉరుకుతా ఉంటాయి.

సిద్ధార్థ సిద్దమ్మ మనవడు. పోయి పదకొండు నెలలాయ. మనిషి లేడు. బూట్ల శబ్దం ఉండాది, రొప్పు ఉండాది, ఆడాడ మన్ను లేస్తాది. బంతి ఆడే పిలకాయలు, "రేయ్ జరగండ్రా, సిద్దన్న వస్తాండాడు" అని దావ ఇస్తారు. పాల వ్యాను అడ్డమొస్తే డ్రైవరు బ్రేకు కొట్టి, అడుగులు దాటినాక పోతాడు. గేటు కాడ టీ అంగడి ఘని గ్లాసులు కడుగుతా, "ఈ పొద్దు మీవోడు బిన్నే, సీకటితోనే మొదలుపెట్నాడే పెద్దమ్మా" అంటాడు.

"నిన్న వాన పడింది గదప్పా. మన్ను మెత్తగా ఉండాది, కాళ్లకు హాయి" అంటుంది సిద్దమ్మ.

ఆయమ్మ కూసోనేది లెక్క పెట్టేదానికి. ఆ గ్రౌండు సుట్టూ ఒకసారి వస్తే రెండొందల మీటర్లు. పోలీసు పరీక్షకు ఉరకాల్సిన పదహారొందల మీటర్లంటే ఎనిమిది సుట్లు. సిద్ధార్థ ఉన్నప్పుడూ ఆయమ్మే లెక్క పెట్టేది. వాడు సుట్టు తిరిగి ముందర నుంచి పోతాంటే గట్టిగా సెప్పేది. సదువు లేదు గానీ లెక్క తప్పదు. యాభై ఏండ్లు రాగులూ చెనిక్కాయలూ కొలిచిన చెయ్యి అది. కొలిచేటప్పుడు మొదటి శేరును లాభం అనాల, ఏడో శేరును ఏడు అనగూడదు. ఏడు అంటే ఏడవమని సెప్పినట్లంట. గింజ ఏడుస్తాది, ఇల్లు ఏడుస్తాది అని వాళ్లమ్మ చౌడమ్మ సిన్నప్పుడే మూతి మీద కొట్టి నేర్పింది. ఆరు అయినాక ఆరూ ఒకటి అనాల. దాని ఎనక ఎనిమిది.

"సుట్లకు లాభమేంది అవ్వా, నేనేమన్నా రాగులమూటనా" అని సిద్ధార్థ నవ్వినాడని, ఆయమ్మ మొదటి సుట్టును ఒకటి అనడం నేర్సుకునింది. ఏడు మాత్రం నోటికి రాలేదు. ఆరూ ఒకటి అనే అనేది. వానికీ అలవాటైపోయింది.

సిద్ధార్థకూ, వాని సెల్లెలు మేఘనకూ ఇద్దరికీ ఒకే సారి కానిస్టేబులు ఉద్యోగం వచ్చినాది. వాళ్ల నాయన దామోదర్, అమ్మ ప్రమీల కుప్పంలో రాళ్లు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పని. పిల్లోళ్లిద్దరూ అవ్వ దగ్గిరే పెరిగినారు. ట్రైనింగుకు పిలిచేదానికి ఇంగా నెల ఉండాదనంగా, రామచంద్ర సారు ఇద్దరినీ గ్రౌండులో పట్టుకునినాడు. ఆయప్ప రిటైరైన హెడ్ కానిస్టేబులు.

"ఉద్యోగం వచ్చేసిందని అరుగు మీద కూసోని తింటాండారా? ఆడికి పోతే పొద్దన్నే ఐదు కిలోమీటర్లు ఉరికిస్తారు. మొదటి వారంలోనే సగం మంది కింద పడతారు. వొళ్లు ఈడనే తయారు సేసుకోని పొండి" అన్యాడు.

అట్ల మొదలైంది. దండీలు, బస్కీలు, పరుగు. ఒక పొద్దున సిద్ధార్థ ఆరు సుట్లు ఉరికినాడు. ఆయమ్మ "ఆరు" అనింది. తరవాతి సుట్టులో, అవతలి మూల కాడ, ఉరికేవోడు ఉరికినట్లే పడిపోయినాడు. గుండె ఆగిపోయిందన్యారు ఆసుపత్రిలో. ఇరవై నాలుగేండ్లు.

ఇంటికి తెచ్చినాక ఆడోళ్లంతా సిద్దమ్మను పట్టుకోని, "ఏడువమ్మా, ఏడిస్తే బరువు దిగతాది" అన్యారు. ఆయమ్మ ఏడవలేదు. కర్మంతరం అయిన మర్నాడు పట్ట సంకన పెట్టుకోని గ్రౌండుకు పోయింది. అడుగులు వస్తాండాయి. కూసోని, "ఒకటి" అనింది. పదకొండు నెలలూ అంతే. ఆయమ్మ లెక్క సెప్తాది, అడుగులు సుట్టు తిరుగుతాయి. ఎనిమిది అన్నా ఆగవు. మళ్లా మొదటి నుంచి సెప్తాది. పొద్దు పైకెక్కినాక యాడకో పోతాయి. ఉరికేది వాని ఇష్టం, ఉరకనీ అనుకునేది ఆయమ్మ. వాని శబ్దం ఉంటే సాలు.

ఇంట్లో సావు అయిందని మేఘన అర్జీ పెట్టుకుంటే, తరవాతి బ్యాచిలో రమ్మన్యారు. ఆ కాగితం ఇప్పుడొచ్చినాది. ఇరవై ఆరు దినాలుండాయి. పదకొండు నెలలు మంచంలో మొగం తిప్పుకోని పడుకున్న పిల్ల, వొంట్లో సత్తువ లేదు. అయినా లేసి బూట్లు ఏసుకునింది.

మొదటి నాలుగు దినాలు బాగనే ఉండె. రెండు సుట్లకే రొప్పే పిల్ల, అన్న అడుగులు పక్కకొచ్చినాక ఆరు సుట్లు అలుపు లేకుండా ఉరికింది. రామచంద్ర సారు వాచీ సూసుకోని తల ఊపినాడు.

ఐదో దినం మేఘన ఆగలేదు. ఎనిమిది అయింది, పది అయింది, పదహైదు అయింది. పొద్దు కొబ్బరిచెట్టు మీదికొచ్చింది. పిల్ల మొగం తెల్లగా పాలిపోయింది. ముక్కులో నెత్తురు కారతాండాది, తుడుసుకోను గూడా లేదు. ఘనీ, రామచంద్ర సారూ అడ్డం పోయి సేతులు పట్టుకునినారు. పట్టుకున్నా కాళ్లు ఆడతానే ఉండాయి.

"ఎన్ని సుట్లు ఉరికినావు మ్మా" అన్యాడు సారు.

"ఆరు సార్. ఇంగా రెండుండాయి, వదలండి."

"ఇరవై దాటింది."

"లేదు సార్" అనింది పిల్ల. సారు తమాషా సేస్తాండాడేమో అనుకోని కొంచెం నవ్వింది గూడా.

నాలుగు దినాలు పరుగు వద్దన్యాడు సారు. ఇంట్లో కూసోబెడితే, సంగటి తింటా ఉన్నా కింద పాదాలు తపతప కొట్టుకుంటా ఉండె. బయట వాకిట్లో అడుగులు రోలు సుట్టూ తిరుగుతాండాయి.

దామోదర్ కుప్పం నుంచి వచ్చినాడు. "ఈ గ్రౌండే సరిగా లేదు. మదనపల్లిలో ఉరికిస్తాం" అని బిడ్డను బస్సెక్కించినాడు. కండక్టరు వచ్చి, పక్కన ఖాళీగా ఉన్న సీటును సూసి, "కాళ్లు లోపలికి పెట్టుకోమని సెప్పప్పా నీ కొడుక్కు, మందికి తగల్తాండాయి" అన్యాడు. మదనపల్లిలోనూ అంతే జరిగినాది. ఆడ అవ్వ లేకపోయినా పిల్ల సెవుల్లో అవ్వ లెక్కే పలుకుతాండాదంట. కుప్పానికి తీసుకపోయి ఫ్యాక్టరీ ఎనకాల రాళ్లు పేర్చిన బయల్లో ఉరికిస్తే, తల్లి ప్రమీల అడ్డం పడుకుంటే గానీ నిలవలేదు. మళ్లా పుంగనూరుకే తెచ్చి దిగబెట్టినారు.

"పంపించకుండా ఉండిపోదామా అమ్మా? ఒకడు పోయింది సాలదా" అన్యాడు దామోదర్.

"పోకపోతే ఇంట్లోనే సస్తాది" అనింది సిద్దమ్మ. "సూడు ఆ కాళ్లను."

ఇంగా తొమ్మిది దినాలుండాయి. పొద్దన్నే మేఘన అడక్కుండానే లేసి గ్రౌండుకు పోయింది. బరువు సగమై చొక్కా వదులుగా ఊగతాండాది. సిద్దమ్మ గోడ దగ్గిర కూసోకుండా ఆ పొద్దు పరుగు మొదలయ్యే గీత కాడికే పోయి నిలబడింది, పిల్లను దగ్గిర నుంచి సూద్దామని.

"ఐదు" అనింది. పిల్ల పెదాలు ఐదు అన్యాయి. "ఆరు." ఆరు అన్యాయి. "ఆరూ ఒకటి." పిల్ల కండ్లు యాడనో ఉండాయి, పెదాలు మెల్లిగా "ఒకటి" అన్యాయి. తరవాతి సుట్టుకు "ఎనిమిది" అని అరిసింది సిద్దమ్మ. "రెండు" అన్యాయి పెదాలు.

సిద్దమ్మ టీ అంగడి బెంచీ మీద పోయి కూలబడింది. ఘని పెండ్లాము హమీదా బోండాలకు పిండి కలుపుతాండాది. ఇదిట్ల అని సెప్పింది సిద్దమ్మ.

హమీదా సేతులు ఆపలేదు. "పోయినోళ్లకు మాట తోకే వినపడతాది పెద్దమ్మా. మా అత్త పోయినాక నలభై దినాలు ఇంట్లోనే తిరిగింది, పో అమ్మా అంటే, అమ్మా అని పిలస్తాండామనుకోని ఎనక్కొచ్చేది. నువ్వు ఆరూ ఒకటి అంటే ఆ పిల్లోనికి ఒకటి అనే పడతాండాది. మళ్లా మొదలుపెడతాండాడు. ఎన్ని దినాల్నుంచి?"

"పదకొండు నెలలు."

"యా అల్లా. పిల్లోడు ఎంత అలిసిపోయుంటాడు" అనింది హమీదా. పిండి గిన్నె పక్కకు జరిపి, "ఏడు అనేస్తే అయిపోయె గదా" అనింది.

"నోటికి రాదమ్మా."

"మా మాటలో సాత్ అను అయితే. దాంట్లో ఏడుపు లేదు."

సిద్దమ్మ లేసి పోయి, ఆరు అయినాక "సాతూ" అని అరిసింది. అడుగులు కొంచెం నిదానమైనాయి, ఎవురినో పిలస్తాండారు అన్నట్లు. మళ్లా ఉరికినాయి. ఘని నవ్వు ఆపుకోలేక టీ గ్లాసు కింద పోసుకునినాడు. హమీదా ఆయప్పను గరిటెతో కొట్టింది.

ఆ పొద్దు సిద్దమ్మ ఏడు అనలేదు. నోటికి రాకపోవడం ఒకటే కాదు. ఏడు అంటే దాని ఎనక ఎనిమిది వస్తాది. ఎనిమిది అయితే వాడు ఆగతాడు. ఆగితే ఇంగ వినపడడు. తెల్లారితే పట్ట సంకన పెట్టుకోని యాడికి పోవాల? పదకొండు నెలలుగా ఆయమ్మకు మిగిలింది ఆ బూట్ల శబ్దం ఒకటే. ఇంట్లో మనవరాలి పాదాలు గోడకు కొట్టుకుంటా ఉంటే, పక్కన కూసోని వాటిని ఒడిలో పెట్టుకోని పట్టుకునింది. పాదాలకు బొబ్బలు, గోర్లు నల్లగైపోయినాయి. ఆయమ్మ సేతుల్లో అవి ఉరుకుతానే ఉండాయి.

"అవ్వా, ఇంగా రెండు సుట్లే" అనింది మేఘన నిద్దర్లో.

మర్నాడు పొద్దున మంచు ఎక్కువగా ఉండె. సిద్దమ్మ గీత మీద నిలబడింది. పట్ట తీసుకపోలేదు. మేఘనా, అడుగులూ సుట్టూ వచ్చినాయి. ఒకటి. రెండు. మూడు. నాలుగు, ఐదు. ఆరు అనేసరికి రామచంద్ర సారు విజిలు నోట్లోంచి తీసేసినాడు. బంతి ఆడే పిలకాయలు బంతి పట్టుకోని నిలబడినారు.

అవతలి మూల తిరిగి వస్తాండాయి అడుగులు. వాడు పడిన మూల. దగ్గిరకొచ్చినాయి. రొప్పు వినపడతాండాది, సిన్నప్పుడు బడి నుంచి ఉరుక్కుంటా వచ్చి ఒళ్లో పడేటప్పటి రొప్పే.

"ఏడు" అనింది సిద్దమ్మ.

ఆ మాట గ్రౌండంతా పోయింది. మేఘన ఉరుకుతానే ఏడ్సింది. పదకొండు నెలల్లో ఆ పిల్ల నోరు తెరిసి ఏడ్సింది అప్పుడే. రామచంద్ర సారు టోపీ తీసి మొగానికి అడ్డం పెట్టుకునినాడు. బంతి పట్టుకున్న పిలకాయలు, యాల ఏడుస్తాండామో తెలీకుండానే ఏడ్సినారు. పాల వ్యాను డ్రైవరు స్టీరింగు మీద తల పెట్టినాడు. టీ అంగట్లో ఘని, హమీదా ఒకరినొకరు సూసుకోని ఏడ్సినారు, పొయ్యి మీద పాలు పొంగిపోయినా సూసుకోలేదు. గోడ అవతల రోడ్డు మీద పోతాండే టమోటా లారీ గూడా ఆగిపోయినాది. సిద్దమ్మ కండ్లల్లోంచి కారతాండాది, కారి మెడ తడిసి రవిక తడిసింది. తుడుసుకోలేదు. గీత మీద నుంచి కదల్లేదు. లెక్క ఇంగా ఒకటుండాది.

అడుగులు అవతలి మూల దాటినాయి. ఆ సుట్టు శానా దూరం అనిపించింది ఆయమ్మకు. దగ్గిరకొచ్చినాక సిన్న గొంతుతోనే అనింది.

"ఎనిమిది, నాయనా."

మేఘన గీత దాటి నాలుగడుగులు పోయి ఆగింది. మోకాళ్ల మీద సేతులు పెట్టుకోని వొంగి రొప్పింది. కాళ్లు నేల మీద నిలబడినాయి, కదల్లేదు. పక్కనే, సిద్దమ్మ ముందర, ఇంకో రొప్పు నిలబడింది. ఆయమ్మ సెయ్యి సాపింది. అరసేతికి ఎచ్చటి గాలి తగిలింది. కొంచెం కొంచెంగా ఆ రొప్పు నిదానమైంది. మామూలు ఊపిరైంది. నిద్దరపోయే బిడ్డ ఊపిరంత అయింది. దాని తరవాత సెయ్యికి మంచు సల్లదనమే తగిలింది.

"ఎన్ని అవ్వా" అనింది మేఘన.

"ఎనిమిదే. కూసో, నీళ్లు తాగు."

ఆ వారం మేఘన దినమూ ఎనిమిది సుట్లు ఉరికి దినమూ ఆగింది. మొదట్లో రెండు సుట్లకే రొప్పింది, ఒక దినం మధ్యలో నడిసింది. తోడు లేదు గదా. పోవాల్సిన దినం దామోదర్ పెట్టె మోసుకోని బస్టాండుకు పోయి బిడ్డను పంపించి వచ్చినాడు.

ట్రైనింగులో ఆదివారం ఒక పూటే ఫోను ఇస్తారంట. మొదటి ఆదివారం పక్కింటి పాప ఫోను తెచ్చి సిద్దమ్మ సెవి కాడ పెట్టింది.

"అవ్వా, నేను."

"తిన్నావా?"

"తిన్నా. సంగటి లేదీడ, అన్నమే."

"ఉరికిచ్చినారా?"

"మొదటి దినమే. ఐదు కిలోమీటర్లు. పదకొండు మంది పడిపోయినారవ్వా."

సిద్దమ్మ ఫోనును సెవికి గట్టిగా అదుముకునింది.

"ఆగమంటే ఆగినావా?"

"ఆగినా అవ్వా" అనింది మేఘన.